ఐదాకుల నారు

ఉదయం తొమ్మిదీ పది. స్టేషన్ వెనక గదిలో చెన్నబసప్ప బెంచీ అంచున ముడుచుకుని కూర్చున్నాడు. ఎడమ కణత మీద కట్టు. మొన్న సాయంత్రం రైతులు అతని దుకాణం షట్టర్ విరగ్గొట్టినప్పుడు తగిలిన దెబ్బ అది. ముప్పై ఏళ్లుగా జహీరాబాద్‌లో విత్తనాలు అమ్ముతున్న ఆ మనిషి, ఇవాళ సాయంత్రం ఐదింటికి నకిలీ విత్తనాల కేసులో రిమాండుకు వెళ్లబోతున్నాడు. కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. సంతకమే తరువాయి.

ఎస్సై దీపిక గోడకానుకుని నిలబడి, అతనికి ఎదురుగా కూర్చున్న ఆవిడను గమనిస్తోంది. ఆవిడ పేరు డాక్టర్ మనోరమ. మనుషులకు మందిచ్చే డాక్టరు కాదు, మొక్కల వైరస్‌ల మీద ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తున్న శాస్త్రవేత్త. యాభై దాటిన వయసు, నలిగిన నూలు చీర, కాళ్లకు రబ్బరు బూట్లు. రాయికోడ్ దగ్గర మూడు పొలాల్లో వరి ఒకే తీరుగా గిడసబారిందని కేసు నమోదైతే, నిపుణుల అభిప్రాయం కోసం పిలిపించారు. రెండు ముక్కలు రాసిచ్చి అదే రోజు బస్సెక్కుతుందనుకుంది దీపిక. ఆవిడ మాత్రం వచ్చిన పూటే మూడు పొలాల నుంచీ పొట్టివీ, బాగున్నవీ మొక్కలు పీకించి, ఐసు డబ్బాలో పెట్టి ల్యాబుకు పంపింది. నిన్నటి నుంచి పోలీసుల కంటే ఎక్కువ ప్రశ్నలు వేస్తోంది.

“ఆ మూడు పొలాలకు పోయిన లాటు విత్తనం సంచులు మొత్తం ఎంతమందికి ఇచ్చిన్రు?”

“నలభై ఆరు మందికి మేడం.”

“పాడైన పొలాలు?”

“మూడు.”

“మిగిలిన నలభై మూడు మంది పైరు ఎట్లున్నదో ఎవరన్న చూసిన్రా?”

చెన్నబసప్ప తలెత్తి దీపిక వైపు చూశాడు. దీపిక చూపు తిప్పుకుంది. ఆ నలభై మూడు మంది దగ్గరికి ఎవరూ పోలేదు. పోవాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు.

“ఈ ముగ్గురు నారు ఎక్కడ పోసిన్రు?”

“అది నాకెట్ల తెలుస్తది? సంచి ఇచ్చేదాకనే నా పని. బసవన్న మీద ఆన మేడం, నేను కల్తీ చెయ్యలే.”

“నేను కల్తీ అనలేదు. నారు ఎక్కడ పోసిన్రని అడిగిన.”

తలుపు దగ్గర బూట్ల చప్పుడైంది. ఇన్‌స్పెక్టర్ మదన్‌మోహన్ లోపలికి వచ్చాడు. నకిలీ విత్తనాల మీద జిల్లా వేసిన ప్రత్యేక బృందానికి అతనే అధికారి. మూడేళ్లలో పదకొండు కేసులు పట్టాడు. ఒక్కటీ వీగిపోలేదు. రైతును మోసం చేసినవాణ్ని చూస్తే అతనికి కళ్లు ఎర్రబడతాయని స్టేషన్లో అందరికీ తెలుసు.

“మేడం, ఇంక చూసేటిదేమున్నది? సంచి ఒక్కటే, దుకాణం ఒక్కటే, జబ్బు ఒక్కటే. ఐదింటికి రిమాండు.”

“నాలుగింటి దాకా నాకు టైమియ్యండి.”

“నాలుగు దాటితే ఒక్క నిమిషం ఆగ.”

“ఆగమని అడగను,” అంది మనోరమ లేస్తూ. “దీపికా, జీపు ఉందా?”

పదీ నలభైకి ఇద్దరూ రాయికోడ్ దాటి శివమ్మ పొలం ఒడ్డు మీద నిలబడ్డారు. అరవై ఏళ్ల శివమ్మ నాట్లు వేసే కూలీల ముఠాకు నలభై ఏళ్లు ముందు నడిచిన మనిషి. సొంతంగా ఉన్నది ఈ నాలుగెకరాల మడి. పాడైన మూడు పొలాల్లో ఇదొకటి. పోలీసులు ఆమె దగ్గర ఇప్పటికే మూడుసార్లు వాంగ్మూలం తీసుకున్నారు. అందుకే దీపికను చూడగానే ఆమె మొహం ముడుచుకుంది.

“మళ్ల ఏం రాసుకుంటరు? రాసుకుంటే పైరు లేస్తదా?”

మనోరమ చీర కుచ్చిళ్లు దోపి, బురదలోకి దిగింది. మడి మధ్యకు నడిచి ఆగిపోయింది. వెనకే దిగిన దీపికకు అక్కడికి వెళ్లాక గానీ సంగతి కనబడలేదు. ఒడ్డు మీద నుంచి మడంతా పాడైనట్టే అనిపించింది. ఇక్కడ నిలబడితే మడి నిలువునా రెండుగా ఉంది. ఎడమ పక్క పైరు తొడల దాకా పెరిగి గాలికి ఊగుతోంది. కుడి పక్క పైరు మోకాలికి కూడా అందడం లేదు. రెంటికీ నడుమ కట్ట లేదు, కాలువ లేదు. అయినా ఆ హద్దు ఎక్కడా ఒక్క జానెడు కూడా వంకర పోలేదు.

మనోరమ సంచిలోంచి స్కేలు తీసింది. ఎడమ దుబ్బు డెబ్బై రెండు సెంటీమీటర్లు. కుడి దుబ్బు ఇరవై తొమ్మిది. పక్కదీ అంతే, దాని పక్కదీ అంతే. ఒక్కొక్కటే కొలుస్తూ ఇరవై దుబ్బులు రాసుకుంది.

“దీపికా, కుడి దిక్కు ఏ రంగున్నది?”

“పచ్చగ.”

“ఎంత పచ్చగ?”

దీపిక వంగి చూసింది. జబ్బు పైరంటే పసుపు పచ్చగా వాలిపోవాలి. ఇది ఎడమ పక్క పైరు కంటే చిక్కటి ఆకుపచ్చ. ఆకులు పొట్టిగా, బిరుసుగా, నిటారుగా నిలబడి ఉన్నాయి. “మంచి పైరు కంటే ముదురు మేడం.”

“దాన్ని గుర్తు పెట్టుకో. ఈ జబ్బు అందంగా ఉంటది. అందుకే మనుషులు మోసపోతరు.”

ఒక దుబ్బును వేళ్లతో సహా పెకిలించి, నీళ్లలో కడిగి, కాండాన్ని దీపిక వేలి కిందికి జరిపింది. ఆకు తొడుగు తీసేస్తే కాండం మీద చిన్న చిన్న బొడిపెలు తగిలాయి. కొన్ని మైనం చుక్కల్లా తెల్లగా ఉన్నాయి, కొన్ని నల్లబడ్డాయి. నేలకు పైన, కణుపు దగ్గర, ఉండకూడని చోట వేర్లు మొలిచి ఉన్నాయి. తర్వాత మనోరమ ఇంకో దుబ్బును పక్కకు వంచి, అరచేత్తో మొదట్లో రెండుసార్లు తట్టింది. గోధుమ రంగు పురుగులు ఏడెనిమిది నీళ్ల మీద పడి, గిర్రున తిరిగి, మళ్లీ కాండం పట్టుకున్నాయి. బియ్యపు గింజలో సగం కూడా లేవు. ఒక్కొక్క దాని వీపు మీదా సన్నటి తెల్ల చార ఉంది.

“తెల్లవీపు దోమ,” అంది మనోరమ. “బొడిపెలు దీని పని కాదు. ఇది మోసుకొచ్చినదాని పని.”

పదకొండున్నరకు మదన్‌మోహన్ జీపు ఒడ్డు పక్కన ఆగింది. బూట్లతోనే మడిలోకి దిగి వచ్చి, ఆ తిన్నని హద్దును ఒక నిమిషం చూశాడు. నవ్వాడు.

“శివమ్మ రెండు సంచులు కొన్నది. ఒకటి మంచిది, ఒకటి కల్తీ. మీరు నా కేసును ఇంకింత గట్టిగ చేసిన్రు మేడం.”

దీపిక మళ్లీ ఆ హద్దు వైపు చూసింది. నిజమే, అలా కూడా అనుకోవచ్చు. మనోరమ మాత్రం తొణకలేదు. కడిగిన దుబ్బును అతని చేతికిచ్చింది.

“తడిమి చూడండి. ఇది వైరస్. ఉత్తరాదిలో కొన్నేళ్ల కింద వేల ఎకరాలను పొట్టిగ చేసింది ఇదే. ఇది గింజలో పోదు. దోమ జబ్బు మొక్క రసం తాగాలె, వారం పది రోజులు దాని ఒంట్ల వైరస్ పెరగాలె, అప్పుడు ఇంకో మొక్కను కుట్టాలె. కల్తీ గింజతోని ఈ బొడిపె రాదు.”

“ల్యాబు చెప్పిందా?”

“మధ్యాహ్నం చెప్తది.”

“అప్పటిదాక ఇది మీ మాటే కదా.”

“అవును. నా మాటే.”

“కోర్టుల మాటలు నడవయి. దోమ రెక్కలున్న పురుగు. మడి మధ్యల గీత గీసుకుని, ఇటు పక్కనే కుడత అటు పక్క ముట్టుకోనంటదా? జడ్జి అడుగుతడు. ఏం చెప్తరు?”

మనోరమ కళ్లలో మెరుపు కదిలింది. కోపం కాదు. మంచి ప్రశ్న వినబడినప్పుడు కలిగే సంతోషం అది. “నేను కూడా నిన్నటి నుంచి అదే అడుగుతున్న సారూ. దోమ గీత గియ్యదు. గీత గీసింది మనిషి. నాట్లప్పుడు.” ఒడ్డు వైపు తిరిగింది. “శివమ్మా, కుడి దిక్కు నారు, ఎడమ దిక్కు నారు, రెండూ ఒక్క దగ్గర పోసినవేనా?”

ఒడ్డు మీద గొంతుకూర్చున్న శివమ్మ నెమ్మదిగా లేచింది. “ఇన్ని దినాలకు నారు సంగతి అడిగిన్రు,” అంది. “ఎడమ దిక్కుది తొలి సంచితోని ఇంట్ల పోసుకున్న నారు. కూలోళ్లు దొరుకుతలేరని రెండో సంచి తీస్కపోయి చిరాగ్‌పల్లి జగన్‌మోహన్ నర్సరీల ఇచ్చిన. ఆయన ట్రేలల్ల పోసి, మిషనుతోని నాటిస్తడు. తొలి ఏకాదశి ముందు రోజు తెచ్చిన్రు.”

“నారు ఎట్లున్నది?”

“రంగు మంచిగున్నది. గదే నాకు నచ్చలే.”

“ఎందుకు?”

“పన్నెండు దినాల నారు అన్నడు. పన్నెండు దినాలకు రెండాకులొస్తయి, మూడోది జరంత తొంగిచూస్తది. నేను పీకి చూసిన. ఐదాకులున్నయి. ఒక్కటి కాదు, పది మొక్కలు లెక్కవెట్టిన. అన్నింటికి ఐదే. మిషను రెండుసార్లు ఇరికింది. ఎండలకు జల్ది పెరిగిందమ్మా అన్నడు. వానల ముసురు పట్టి వారమాయె, ఎండ యాడిది అని నేననుకున్న.” ఆగి, మదన్‌మోహన్ వైపు చూసింది. “చదువుకున్నోళ్లు మిషన్లు పెట్టుకున్నరు, నాదేం తెలివి అని ఊకున్న. ఊకోకపోయేది ఉండె.”

మనోరమ పుస్తకం తీసి ఆ మాటలన్నీ రాసుకుంది. రాసినది పైకి చదివింది. “సరిగ్గ రాసిన్నా శివమ్మా?” అని అడిగింది.

“పది మొక్కలని రాయండి.”

“రాసిన.”

“సరే.”

ఒక రైతు మాటను శాసనంలా రాసుకుని, రాసింది సరిచూడమని ఆమెనే అడిగిన అధికారిని దీపిక ఇంతవరకూ చూడలేదు. మూడు వాంగ్మూలాలు తనే రాసింది. మూడింటిలోనూ సంచి మీది నంబరు ఉంది, ఐదాకుల ముచ్చట లేదు. అడగలేదు కాబట్టి ఆమె చెప్పలేదు. తనకు సిగ్గుగా అనిపించింది, ఆ సిగ్గులోనే ఏదో నేర్చుకున్నట్టూ అనిపించింది.

మదన్‌మోహన్ గడియారం చూసుకున్నాడు. “నాలుగు,” అని మాత్రం అని జీపెక్కాడు. అయితే ఆ దుబ్బును పారెయ్యలేదని దీపిక గమనించింది. కాగితంలో చుట్టి సీటు మీద పెట్టుకున్నాడు.

వెళ్లే ముందు శివమ్మ మనోరమ చెయ్యి పట్టుకుంది. “ఉన్నది ఉన్నట్టు చెప్పు బిడ్డా. దీనికి మందున్నదా?”

“జబ్బు పడ్డ మొక్కకు లేదు శివమ్మా. కుడి దిక్కు రెండెకరాలు పొయినట్టే.”

“ఎడమది?”

“దక్కుతది. దోమ అటు పోయి ఉంటది, కాని పెరిగిన పైరును కుడితే ఇంత దెబ్బ ఉండదు. నారు మీద కుడితేనే ప్రమాదం. ముందుగాల దోమ మందు దుబ్బు మొదట్ల తడిసేటట్టు కొట్టియ్యి, రెండు దిక్కులా. ఆ మర్నాడు కుడి దిక్కు పైరు పీకి బురదల తొక్కియ్యి. మందు కొట్టకుండ పీకితే దోమలు లేచి పక్క మడిల దిగుతయి. ఒడ్ల మీద గడ్డి కోపియ్యి. వారానికి రెండుసార్లు దుబ్బులు తట్టి నీళ్ల మీద చూడు. ఏ మందు, ఎంత అనేది వ్యవసాయ అధికారికి రాసిచ్చి పోత.”

శివమ్మ రెండెకరాల వైపు ఒక్కసారి చూసింది. “రేపే కొట్టిస్త,” అంది. ఏడుపు లేదు. మనోరమ రెండు చేతులూ ఎత్తి ఆమెకు దండం పెట్టింది. అది మర్యాద కోసం పెట్టిన దండం కాదని దీపికకు తెలిసింది.

దారిలో దీపిక ఫోన్లు చేసింది. పాడైన మిగతా రెండు పొలాల వాళ్లూ జగన్‌మోహన్ నర్సరీ నుంచే నారు తెచ్చుకున్నారు, అదే వారంలో. ఇద్దరూ “ముదురు నారే” అన్నారు. నాటు మిషను నడిపినతను, మూడు చోట్లా నారు మిషను వేళ్లకు ఇరుక్కుందని, అంత పొడుగు నారు మిషనుకు ఎక్కించడం తనకు అదే మొదటిసారని చెప్పాడు.

రెండూ ముప్పైకి చిరాగ్‌పల్లిలో హైవే పక్కన నర్సరీ గేటు ముందు దిగారు. పెద్ద బోర్డు. బోర్డు కింద రెండు గుంటల వరి మడి. దాని మీదికి వంగిన రెండు పెద్ద లైట్లు. మనోరమ గేటు దాకా పోలేదు. మడి దగ్గరే ఆగి, వంగి, ఒక దుబ్బును తట్టింది. నీళ్ల మీద పడినవాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టి, నలభై దగ్గర ఆపేసింది. పైరు చిక్కటి ఆకుపచ్చ. మోకాలి ఎత్తు కూడా లేదు.

“లోపల నువ్వే అడుగు దీపికా,” అంది లేచి. “ఆకుల లెక్క నీకు వచ్చింది కదా.”

జగన్‌మోహన్ నలభై ఐదేళ్ల మనిషి. ఇస్త్రీ చొక్కా, నోట్లో తేనె. “రండి మేడం, రండి. చాయ్ తెప్పిస్త. మన నారు చూసిన్రా బయట? హైవే మీద పోయేటోళ్లు బండ్లాపి చూస్తరు.”

“రిజిస్టరు తియ్యి. శివమ్మ విత్తనం ఏ తారీఖున పోసినవ్?”

“జూన్ ఇరవై మూడు. ఇగో.”

“నారు ఎప్పుడిచ్చినవ్?”

“జూలై ఐదు. పన్నెండు దినాలు. మిషనుకు గదే కరెక్టు.”

“పన్నెండు దినాల నారుకు ఎన్ని ఆకులుంటయి?”

రిజిస్టరు మూయబోతున్న చెయ్యి ఆగింది. “రెండు. రెండున్నర.”

“శివమ్మకు ఇచ్చిన నారుకు ఐదున్నయి.”

“పెద్దమనిషి. లెక్క తప్పి ఉంటది.”

“మిషను నడిపినాయన కూడ తప్పిండా? మూడు పొలాలల్ల ఇరికిందని చెప్పిండు. ఇంకో ఇద్దరు రైతులు కూడ తప్పిన్రా? ఐదాకులంటే ఇరవై ఐదు దినాల నారు. అంటే జూన్ పదిన పోసి ఉండాలె. శివమ్మ నీకు సంచి తెచ్చి ఇచ్చిందే ఇరవై రెండున. నువ్వే సంతకం పెట్టినవ్.” దీపిక రిజిస్టరును తన వైపు తిప్పుకుని ఆ సంతకం మీద వేలు పెట్టింది. “ఆమె విత్తనం నీ చేతికి రాకముందే మొలిచిందా?”

జగన్‌మోహన్ పెదవులు తడుపుకున్నాడు. మనోరమ మూలన ఉన్న స్టూలు మీద కూర్చుని దీపికనే చూస్తోంది, పరీక్ష రాస్తున్న పిల్లను చూసే టీచరమ్మలాగా.

“ఆ నారు ఎవరిది?”

“మేడం, నా తప్పే గాని కావాలని చెయ్యలే.” అన్నాడు జగన్‌మోహన్. “జూన్ ఆఖరుకు రెండు దినాలు ఎడతెగని వాన. నీళ్లు లోపలికొచ్చి ట్రేలు మునిగినయి. మొలకంత మురిగింది. ముగ్గురికి తారీఖు చెప్పి ఉన్న. మాట పోతది. అప్పుడు ఒక డ్రైవర్, సచిన్ అని, తయారైన నారు లోడు ఉన్నదన్నడు. మహారాష్ట్ర అవతలి నుంచి అన్నడు. ఊరు పేరు నేనడగలే. రంగు చూసి తీసుకున్న. వాళ్లకు మీ నారే అని చెప్పి ఇచ్చిన.”

దీపిక రిజిస్టరు మూసింది. “అంటే చెన్నబసప్ప అమ్మిన గింజ ఒక్కటి కూడ ఆ పాడైన మడులల్ల మొలవలే.”

“లేదు మేడం. అదంత మురిగింది.”

“కణత పగిలి స్టేషన్ల కూర్చున్నడు ఆయన. నువ్విక్కడ చాయ్ తెప్పిస్తనంటున్నవ్.”

మనోరమ మొదటిసారి నోరు విప్పింది. “మిగిలిన నారు ఏం చేసినవ్?”

“పారెయ్య బుద్ధి కాలే. బోర్డు కింద నాటిన. రంగు మంచిగున్నది కదా అని. రాత్రిపూట లైట్లేసి ఉంచుత, కనబడాలె కదా.”

“ఆ రంగే జబ్బు,” అంది ఆవిడ. “ఆ లైట్లకు చుట్టుపక్కల దోమలన్ని వస్తయి. వచ్చినవి ఆ మడిల దిగి తాగుతయి. తల్లి దోమ నుంచి పిల్ల దోమకు ఈ వైరస్ పోదు. ప్రతి దోమ జబ్బు మొక్కను తాగాల్సిందే. నువ్వు వాటికి రోజూ వడ్డించినవ్.” లేచి బయటికి నడిచింది, మిగతా ఇద్దరూ వెనకే వచ్చారు. మడికి పది అడుగుల దూరంలో చదునుగా తడిపిన నేల మీద ట్రేలు పెట్టిన అచ్చులు వరసలు వరసలుగా ఉన్నాయి. ట్రేలు మాత్రం లేవు. “ఇక్కడేమున్నయి?”

అదే సమయంలో ఆవిడ ఫోన్ మోగింది. మూడూ ముప్పై ఎనిమిది. ఆవిడ విన్నది, రెండు ముక్కలు రాసుకుంది, పెట్టేసింది. “మూడు పొలాల నమూనాలల్లనూ వైరస్ ఉంది. శివమ్మ ఎడమ దిక్కు మొక్కలల్ల లేదు,” అని దీపికకు చెప్పి, మళ్లీ అతని వైపు తిరిగింది. “అడిగిన. ఇక్కడేమున్నయి?”

“ఆలస్యంగ నాటేటోళ్ల కోసం పోసిన నారు. ఇది మన విత్తనమే మేడం, మంచి విత్తనం. ఆరొందల ట్రేలు. పొద్దుగాల ఏడింటికి బండి పోయింది.”

పది అడుగుల దూరంలో దోమల పుట్టను పెట్టుకుని పెరిగిన నారు. దీపిక అతని ముందుకు వచ్చింది. “ఎవరికి?”

జగన్‌మోహన్ ఆమె భుజం మీదుగా గేటు వైపు చూశాడు. దారిలో దీపిక ఫోన్ అందుకున్న మదన్‌మోహన్ జీపు దిగి లోపలికి వస్తున్నాడు.

“సార్ వాళ్లింటికే. వాళ్లమ్మ పార్వతమ్మ గారికి.”

మదన్‌మోహన్ నడక ఆగింది. దీపిక నాలుగు మాటల్లో చెప్పింది: ల్యాబు ఫలితం, మురిగిన విత్తనం, బయటి నారు, బోర్డు కింది మడి, పొద్దుటి బండి. అతను అరుస్తాడనుకుంది. జగన్‌మోహన్ చొక్కా పట్టుకుంటాడనుకుంది. అతను టోపీ తీసి చంకలో పెట్టుకుని, మనోరమను ఒకే ప్రశ్న అడిగాడు.

“ఆ నారు మీద దోమ పోయి ఉంటదా?”

“పోయే ఉంటది సారూ.”

ఫోన్ తీసి స్పీకర్లో పెట్టాడు. అవతల కూలీల మాటలు, నీళ్ల చప్పుడు వినిపించాయి.

“అమ్మా, నాట్లు ఆపు.”

“పది గుంటలు పడ్డయిరా. పొద్దు గుంకెలోపు ఎకరం అయితది. ఎందుకాపాలె?”

“నారుల జబ్బున్నది. శివమ్మ మడికొచ్చిందే.”

శివమ్మ పైరు సంగతి ఆ చుట్టుపక్కల తెలియని వాళ్లు లేరు. తర్వాత పార్వతమ్మ గొంతు వచ్చింది, తొందర లేకుండా. “పక్కోళ్ల మడికి పాకుతదా?”

మదన్‌మోహన్ ఫోన్‌ను మనోరమ వైపు జరిపాడు. “పాకుతది తల్లీ,” అంది ఆవిడ.

“మరి ఇంకేమున్నది? ఈ సాలుకు వరి లేకుంటే శనగ పెట్టుకుంట. పీకిస్త.”

“ముందు పీకకు తల్లీ. నారు కట్టలు, నాటినవి, అన్నిటి మీద దోమ మందు కొట్టియ్యి. మనిషి వస్తడు చూపియ్యడానికి. తర్వాత గుంత తీసి పూడ్చాలె. ట్రేలు కదిపితే దోమ లేస్తది, పాత చీరెలు కప్పియ్యి.”

“సరే. మూడొందల ట్రేలే కదా, ఒక్క గుంత చాలు.”

మనోరమ తలెత్తింది. జగన్‌మోహన్ అప్పటికే తల అడ్డంగా ఊపుతున్నాడు. “ఆరొందలు పంపిన. ఆరొందలూ వాళ్లకే.”

“అమ్మా, ఎన్ని దించిన్రు?” అన్నాడు మదన్‌మోహన్.

“మూడొందలు. మిగిలినవి బీదర్ దిక్కు ఇంకో రైతుకని ఆ డ్రైవర్ తీస్కపోయిండు. నేను బండెక్కి చూసిన కూడ. మన ట్రేల కింద వేరే ట్రేలు ఉన్నయిరా. వాటి మట్టి బూడిద లెక్కున్నది. గీ చుట్టుపక్కల గసుంటి మట్టి నేనేడ చూడలే. నారు మాత్రం మస్తు పచ్చగున్నది.”

“డ్రైవర్ పేరు?”

“సచిన్ అన్నడు.”

దీపిక జగన్‌మోహన్ ఫోన్ లాక్కుని ఆ నంబరుకు చేసింది. స్విచాఫ్. మళ్లీ చేసింది. స్విచాఫ్.

“బీదర్‌ల నాకు రైతులెవ్వరు లేరు మేడం,” అన్నాడు జగన్‌మోహన్. “ఆ ఇంకో నారు సంగతి నాకు తెల్వదు. నిజంగ తెల్వదు.”

జూన్‌లో వచ్చిన లోడు ఒక్కటే కాదన్నమాట. ఆ నారు ఎక్కడో ఇంకా పెరుగుతోంది, ఇంకా అమ్ముడుపోతోంది. ఏ మడిలో దిగితే ఆ మడి మరో మూడు వారాల తర్వాత పొట్టిగా నిలబడిపోతుంది. అప్పటికి ఎవరికీ ఏమీ చేతకాదు.

మదన్‌మోహన్ స్టేషన్‌కు ఫోన్ చేశాడు. “చెన్నబసప్పను ఇంటికి పంపించండి. ఒక మనిషి తోడు పోవాలె. అవును, నేనే చెప్తున్న. ఆయనకు క్షమాపణ నేనొచ్చి చెప్పుకుంట.” ఫోన్ పెట్టేసి గడియారం చూశాడు. నాలుగుకు నాలుగు నిమిషాలు తక్కువ. తర్వాత జీపు దగ్గరికి నడిచి, ఎప్పుడూ తను కూర్చునే ముందు సీటు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

“మేడం, మీరిక్కడ కూసోండి. బండిలున్న నారుల ఏది మంచిదో ఏది చెడ్డదో మా కండ్లకు కనబడదు.”

మనోరమ బూట్ల బురద దులుపుకోకుండానే ఎక్కింది. మదన్‌మోహన్ వెనక సీట్లో కూర్చున్నాడు. దీపిక స్టీరింగు పట్టుకుంది. బండి పోయి తొమ్మిది గంటలవుతోంది. సరిహద్దు ఎప్పుడో దాటి ఉంటుంది.

“ఏ దిక్కు మేడం?” అని అడిగింది.

“బీదర్ దారిల నీళ్లున్న దిక్కు,” అంది మనోరమ. “నారు కొన్నవాడు నాటెతందుకు పొద్దు గుంకేలోపు మడి తడుపుతడు.”

దీపిక జీపును బీదర్ దారిలోకి తిప్పింది.